గాంట్స్ ఘోస్ట్స్: ఏడు నవలల తరువాత ఇది ఇంకా టానిత్ రెజిమెంటేనా? (కథ మలుపులు బయటపడతాయి)

అర్ధరాత్రి_చదువరి
వార్‌హామర్ 40,000 అనే బొమ్మల యుద్ధక్రీడ లోకంలో జరిగే భవిష్యత్తు యుద్ధాల మీద డాన్ ఆబ్నెట్ రాసిన గాంట్స్ ఘోస్ట్స్ నవలల వరుసలో ‘సబ్బాత్ మార్టర్’ వరకు, అంటే ఏడో నవల వరకు చదివాను. ఎనిమిదోది బల్ల మీద ఉంది, తెరవాలనిపించడం లేదు. 1999లో వచ్చిన మొదటి నవల ‘ఫస్ట్ అండ్ ఓన్లీ’ నన్ను ఎందుకు పట్టుకుందో ముందు చెబుతాను. టానిత్ అనే అడవుల గ్రహంలో కొత్త రెజిమెంట్లకు సైనికులను కూడగట్టిన రోజునే శత్రునౌకలు వచ్చిపడతాయి. నిలబడి పోరాడితే అందరూ చస్తారని తేల్చుకున్న వాళ్ల అధిపతి గాంట్, చేతికందిన రెండు వేల మందిని ఓడలు ఎక్కించి బయటపడతాడు. గ్రహం కాలిపోతుంది. ఘోస్ట్స్ అని పేరుపడ్డ ఆ సైనికులకు ఇక ఉత్తరం రాయడానికి ఊరు లేదు, సెలవు మీద వెళ్లడానికి ఇల్లు లేదు, ఒకడు పోతే ఆ స్థానంలో చేరడానికి తమ్ముడు లేడు. ప్రతి మరణంతో ఒక జాతి తరిగిపోతుంది. యుద్ధ నవలల్లో ఇంత కఠినమైన షరతు పెట్టుకున్న రచయితను నేను చూడలేదు.

మూడో నవల ‘నెక్రోపోలిస్’ చివర ఆ షరతును ఆయనే సడలించాడు. వెర్వన్‌హైవ్ నగరం ముట్టడి ముగిశాక వెర్గాస్ట్ గ్రహవాసులు గుంపులుగా రెజిమెంట్‌లో చేరారు, ఖాళీలు నిండిపోయాయి. ఆ తరువాత టానిత్ సైనికుల్లో బ్రాగ్ పోయినా, చివరికి కోర్బెక్ పోయినా నేను బాధపడింది ఆ మనుషుల కోసమే గానీ, టానిత్ తరిగిపోతున్నదన్న దిగులు నాలో మిగల్లేదు. ముందుకు చదవడం వల్ల ప్రయోజనం ఉందా?

నూజివీడు_రసం
శీర్షికలో హెచ్చరిక పెట్టినందుకు ధన్యవాదాలు, కానీ నేను ఐదో నవలలో ఉన్నాను. బ్రాగ్ పోతాడని ఇప్పుడే తెలిసింది.

అర్ధరాత్రి_చదువరి
హెచ్చరిక చూసి కూడా లోపలికి వచ్చారు కనుక ఆ పాపంలో సగం మీదే.

పాచికలు_రంగులు
నేను బొమ్మలకు రంగులు వేసి బల్ల మీద ఆడే వర్గం వాడిని, ఈ నవలలకు ఆ దారిలోనే వచ్చాను. వార్‌హామర్ 40,000 లోకంలో సామాన్య పదాతి రెజిమెంట్‌ను సాధారణంగా ఒక గ్రహం నుంచి ఒక్కసారే కూర్చి పంపుతారు. మనుషులు తగ్గిపోతే దాన్ని మరొక రెజిమెంట్‌లో కలిపేస్తారు, లేదా అది అలాగే అరిగిపోతుంది. వెర్గాస్ట్ వాళ్లను చేర్చుకోవడం ఆ లోకం పద్ధతికి విరుద్ధమేమీ కాదు. ఇక లెక్క ప్రకారం చూసినా, రెండు వేల మందితో మొదలుపెట్టి ప్రతి నవలలో వందల మందిని చంపుకుంటూ పోతే ఐదో పుస్తకానికి గాంట్, ఆయన కింది అధికారి రాన్ ఇద్దరే మిగిలి ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు
ఆ నవల వస్తే ముందుగా నేనే కొంటాను.

మాజీ_హవల్దారు
నేను పదాతి దళంలో పనిచేసి విరమించినవాడిని. ఈ నవలలు నా కుమారుడివి. ఆకాశనౌకలు, దేవతలైన చక్రవర్తులు నాకు పట్టలేదు. కానీ ప్లటూన్‌లో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరు మాత్రం ఈయనకు బాగా తెలుసు అనిపించింది.

చదువరి గారి ప్రశ్నకు నా సమాధానం ఇది. రెజిమెంట్ అంటే ఫలానా మనుషుల మొత్తం కాదు. నిజాం సంస్థానానికి చెందిన హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చిన పటాలాలు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. పేరు హైదరాబాద్‌దే అయినా లోపల ఉన్నవారిలో ఎక్కువ మంది కుమావోనీలు, జాట్లు, అహీర్లు. 1945లో పేరు కూడా మార్చి కుమావోన్ రెజిమెంట్ చేశారు. తొలి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ అధికారిగా చేరినది హైదరాబాద్ రెజిమెంట్‌లో, 1947 నవంబరులో బడ్గాంలో ప్రాణమిచ్చినది కుమావోన్ 4వ బెటాలియన్ అధికారిగా. ఊరు మారింది, పేరు మారింది, మనుషులు మారారు, పరంపర మాత్రం తెగలేదు. కొత్తగా వచ్చినవాడు పాతవాడి దగ్గర నడవడిక నేర్చుకుంటాడు, ఆ పాతవాడు తనకన్నా పాతవాడి దగ్గర నేర్చుకున్నాడు. టానిత్ వాళ్లు చేసినదీ అదే.

అర్ధరాత్రి_చదువరి
హవల్దారు గారూ, మీ మాటను కాదనను, కానీ నా బాధ వేరు. కుమావోన్ రెజిమెంట్‌కు వెనుక కుమావోన్ కొండలు ఉన్నాయి, రాణీఖేత్‌లో కేంద్రం ఉంది, ఏటా కొత్త పిల్లలు వస్తారు. టానిత్‌కు వెనుక ఏమీ లేదు. అందుకే అది మామూలు రెజిమెంట్ కథ కాదని నా ఉద్దేశం. మామూలు రెజిమెంట్‌కు వర్తించే పరిష్కారాన్ని తెచ్చి దీనికి పెట్టడమే నాకు నచ్చనిది.

లంకాషైర్_తెలుగోడు
నేను ఉండే చోటికి ఇంగ్లాండులోని అక్రింగ్టన్ పట్టణం కూతవేటు దూరం, అందుచేత ఈ చర్చలో ఒక మాట చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకే ఊరివాళ్లు, ఒకే మిల్లులో పనిచేసేవాళ్లు కలిసి చేరితే కలిసే ఉంచుతామని బ్రిటిష్ సైన్యం మాట ఇచ్చింది. అలా ఏర్పడిన బెటాలియన్లను పాల్స్, అంటే నేస్తాలు, అని పిలిచేవారు. అక్రింగ్టన్ పాల్స్ అసలు పేరు ఈస్ట్ లంకాషైర్ రెజిమెంట్ 11వ బెటాలియన్. 1916 జులై 1న, సోమ్ యుద్ధం మొదటి రోజున, సెర్ అనే పల్లె ముందు దాడికి దిగిన సుమారు 720 మందిలో 584 మంది చనిపోవడమో, గాయపడడమో, ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. దాదాపు అరగంటలో. ఊళ్లో సంతాపంగా కిటికీలకు తెరలు దించని వీధి లేదని ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తరువాత ఏమైందన్నది చదువరి గారికి ముఖ్యం. ఆ బెటాలియన్ రద్దు కాలేదు. కానీ ఆ ఖాళీలను అక్రింగ్టన్ మనుషులతో నింపడం ఆ ఊరికి సాధ్యమయ్యే పని కాదు. అప్పటికే నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది, ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చేరారు. బెటాలియన్ యుద్ధం చివరిదాకా అదే పేరుతో పోరాడింది. ఆబ్నెట్ తన షరతును సడలించాడని మీరు అంటున్నారు. నాకైతే చరిత్రలో ఆ షరతు ఎలా సడలిందో అలాగే రాశాడనిపిస్తుంది. ఆరో నవల ‘స్ట్రెయిట్ సిల్వర్’లో కందకాల యుద్ధం చదివినవారికి ఆయన చూపు ఏ యుద్ధం వైపు ఉందో వేరే చెప్పనక్కర లేదు.

పాచికలు_రంగులు
ఆ నవలలోని సేనాధిపతులను చదివి నాకు రక్తపోటు పెరిగింది. శతాబ్దాల వెనుకటి యుద్ధపద్ధతిని పట్టుకుని వేలాడే పెద్దమనుషులు వాళ్లు, చాటుగా కదలడంలో ఆరితేరిన దళాన్ని తెచ్చి కందకంలో నిలబెడతారు.

వంశధార_ఒడ్డు
నాకు ఇంతకన్నా మౌలికమైన అభ్యంతరం ఉంది. మనం ఎవరి పక్షాన నిలబడి కన్నీరు పెడుతున్నాం? భయపడి వెనుదిరిగిన సైనికుణ్ణి అక్కడికక్కడే కాల్చి చంపే అధికారం కమిసార్ అనే రాజకీయ అధికారికి ఉన్న సామ్రాజ్యం అది. శత్రువు పిశాచాలను కొలిచేవాడు కనుక ఇటువైపు జరిగే దుర్మార్గమంతా మాఫీ అయిపోతుంది. 1959 నాటి ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ నవల సైనికవాదాన్ని కీర్తిస్తుందని వచ్చిన విమర్శ దీనికి ఎందుకు వర్తించదు? దానికి జవాబుగా నిలిచే ‘ద ఫరెవర్ వార్’ను 1974లో రాసిన జో హాల్డెమన్ వియత్నాంలో పోరాడి గాయపడి వచ్చినవాడు. యుద్ధం మనిషిని ఏం చేస్తుందో ఆ ఒక్క నవలలో ఉన్నది ఈ పదిహేను నవలల్లో లేదు.

అట్లాంటా_అమ్మాయి
వంశధార గారూ, మీరు అన్న కమిసార్ సంగతే ఈ కథకు ఇరుసు అని నేను అనుకుంటాను. సోవియట్ సైన్యంలో కమిసార్ వేరు, దళాధిపతి వేరు. ఇద్దరి మధ్య అధికారం చీలిపోవడం యుద్ధరంగంలో చేటు తెస్తున్నదని 1942 అక్టోబరులో ఆ పద్ధతిని రద్దు చేశారు. ఇక్కడ రచయిత రెండు పదవులనూ ఒకే మనిషి నెత్తిన పెట్టాడు. మరణశయ్య మీద ఉన్న మహాసేనాని స్లేడో గాంట్‌కు కర్నల్ హోదా కూడా ఇచ్చి పోతాడు. సైనికులను కాపాడవలసిన కర్నల్, వాళ్లను కాల్చవలసిన కమిసార్, ఇద్దరూ ఒకే టోపీ కింద ఉన్నారు. గాంట్ తన మనుషులను ఎప్పుడు కాల్చడు, ఎందుకు కాల్చడు అన్నది గమనిస్తూ చదవండి. సామ్రాజ్యం మంచిదని ఈ నవలలు ఎక్కడా చెప్పవు. పై అధికారుల్లో మంచివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అదీ ఒక చేతి వేళ్లు చాలు.

ఫరెవర్ వార్‌తో పోలిక మాత్రం సరికాదు. అది ఒకే సైనికుడి కథ. కాంతివేగ ప్రయాణాల వల్ల అతనికి కొన్నేళ్లు గడిస్తే భూమి మీద శతాబ్దాలు గడిచిపోతాయి, చుట్టూ ఉన్నవాళ్లెవరూ అతనివాళ్లు కారు. ఇక్కడ ఇల్లు పోయినా పక్కవాడు మిగిలి ఉన్నాడు. రెండూ ఒంటరితనం గురించినవే, ఒకటి మనిషి ఒంటరితనం, మరొకటి గుంపు ఒంటరితనం.

వంశధార_ఒడ్డు
గుంపు ఒంటరితనం అన్న మాట వరకు ఒప్పుకుంటాను. సామ్రాజ్యం విషయంలో నా అభిప్రాయం మారలేదు. చెడ్డ సేనాధిపతులను చూపించి మంచి కర్నల్‌ను మెచ్చుకోవడం వ్యవస్థను ప్రశ్నించడం కాదు.

మాజీ_హవల్దారు
వ్యవస్థను ప్రశ్నించే తీరిక కాల్బలం వాడికి ఉండదు బాబూ. నీళ్లు ఎప్పుడు వస్తాయి, కాళ్లకు పొక్కులు ఎప్పుడు మానుతాయి అన్నదే వాడి రాజకీయం. పదకొండో నవల ‘ఓన్లీ ఇన్ డెత్’లో ఒక కోటలో చిక్కుకున్న దళానికి తాగునీరు అయిపోవడం ఉంది. గస్తీ పార్టీలో నీటి సీసా ఖాళీ అయినవాడికి ఆ అధ్యాయాలు చదువుతుంటే గొంతు ఆరిపోతుంది. తుపాకుల మోత ఎవడైనా రాస్తాడు, నీటి లెక్క రాసినవాణ్ణి నేను నమ్ముతాను.

నూజివీడు_రసం
కోర్బెక్ కూడా పోతాడని ఇప్పుడు మళ్లీ మొదటి పోస్టు పూర్తిగా చదివితే తెలిసింది. నేను ఇకపై ఈ చర్చను ఒక కన్ను మూసుకుని చదువుతాను. ఏ పాత్ర అయినా తీరిగ్గా కూర్చుని పెళ్లి గురించో, యుద్ధం తరువాతి జీవితం గురించో మాట్లాడటం మొదలుపెడితే, తరువాతి పేజీలు తిప్పి బతికి ఉన్నాడో లేదో చూసుకునే అలవాటు నాకు ఈ వరుస వల్లే వచ్చింది.

మౌనపాఠకుడు
ఎప్పుడూ రాయనివాణ్ణి, ఈసారి రాయక తప్పలేదు. చదువరి గారు ‘నెక్రోపోలిస్’ దగ్గర షరతు సడలిందన్నారు. ఆ నవలలోనే జరిగిన మరొక సంగతి మీద ఎవరి దృష్టీ పడలేదు. వైద్యాధికారి డోర్డెన్, ఆయన కొడుకు మైకాల్ గుర్తున్నారా? ఆ రెండు వేల మందిలో రక్తసంబంధం మిగిలి ఉన్నది ఆ తండ్రీకొడుకులకే. ఒక గ్రహం మొత్తంలో మిగిలిన ఒకే ఒక కుటుంబం అది. తక్కిన సైనికులు డోర్డెన్‌ను చూసే చూపులో కాస్త అసూయ, కాస్త ఆసరా రెండూ ఉంటాయి. వెర్వన్‌హైవ్‌లో ఆ కొడుకు చనిపోతాడు.

అదే నవలలో, అదే నగరం శిథిలాల్లో, టోనా క్రిడ్ అనే వీధి ముఠా పిల్ల దిక్కులేని ఇద్దరు పసివాళ్లను వెంటబెట్టుకుని తిరుగుతుంది. వాళ్లు గని కార్మికుడు గోల్ కోలియా పిల్లలు, వాళ్లు చనిపోయారనే అనుకుని ఆయన తుపాకీ పట్టాడు. క్రిడ్, కోలియా ఇద్దరూ రెజిమెంట్‌లో చేరతారు. పిల్లలు కూడా రెజిమెంట్ వెంటే వస్తారు. క్రిడ్ టానిత్‌వాడైన కాఫ్రన్‌తో జతకడుతుంది, ఇద్దరూ కలిసి పిల్లలను పెంచుతారు.

టానిత్‌లోని చివరి కుటుంబం తెగిపోయిన పుస్తకంలోనే మరొక గ్రహపు కుటుంబం ఆ రెజిమెంట్‌లోకి అడుగు పెట్టింది. ఇది ఖాళీలు నింపుకోవడానికి చేసిన సర్దుబాటు అని నేను అనుకోను. రక్తంతో వచ్చే వారసత్వాన్ని రచయిత కావాలనే కోసివేసి, పెంపకంతో వచ్చే వారసత్వాన్ని ఆ చోట పెట్టాడు. మీ ప్రశ్నకు ఆయన జవాబు ఆ పిల్లల్లో ఒకడైన డాలిన్ పెద్దవాడయ్యాక పదో నవల ‘ది ఆర్మర్ ఆఫ్ కంటెంప్ట్’లో ఇస్తాడు. కన్నది వెర్గాస్ట్ తండ్రి, పెంచింది వెర్గాస్ట్ తల్లి, టానిత్ తండ్రి. ఆ కుర్రవాడు ఏ గ్రహంవాడో మీరే చదివి తేల్చుకోండి. అంతకు మించి చెప్పను.

అర్ధరాత్రి_చదువరి
డోర్డెన్ కొడుకు మరణం, క్రిడ్ పిల్లలు, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చెప్పగా నేను వినలేదు. మౌనపాఠకుడు గారు మౌనం ఇంకొంచెం ముందే వీడి ఉంటే బాగుండేది. అయినా ఒక సందేహం మిగిలి ఉంది. ఇది రచయిత అప్పుడే అనుకున్న పథకమా, లేక మనం పదిహేను నవలలు ముందు పెట్టుకుని వెనక్కి చూసి అల్లుతున్నదా?

పాచికలు_రంగులు
రెండో నవల ‘ఘోస్ట్‌మేకర్’ చూస్తే పథకం ఉందని అనిపించదు. అందులో కొన్ని కథలు అంతకుముందు పత్రికలో విడివిడిగా వచ్చినవే, వాటికి ఒక దండ గుచ్చి నవల చేశారు. ‘నెక్రోపోలిస్’ నుంచే అసలు వరుస మొదలైందని నా నమ్మకం. కొత్తవారికి నేను మూడో పుస్తకంతో మొదలుపెట్టమనే చెబుతాను.

అట్లాంటా_అమ్మాయి
దీనితో నేను ఏకీభవించను. ‘ఘోస్ట్‌మేకర్’లో ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్క సైనికుడిది. గురి తప్పని లార్కిన్ తలనొప్పులు, గురి కుదరని బ్రాగ్ సిగ్గు, టానిత్ పైప్స్ ఊదే మైలో పసితనం, ఇవన్నీ అక్కడ తెలియకపోతే ముట్టడిలో ఎవరు పోయినా అది పేరు మాత్రమే. పదాతి రెజిమెంట్ గురించిన నవల ముందు హాజరుపట్టీ చదివి వినిపించాలి.

కృష్ణలంక_కుర్రాడు
నేను హాజరుపట్టీ వినకుండానే మూడో పుస్తకంతో మొదలుపెట్టి బతికి బట్టకట్టాను. పేర్లు కలగాపులగం అయినమాట మాత్రం నిజం.

లంకాషైర్_తెలుగోడు
వెర్గాస్ట్ వాళ్లు ఖాళీలు నింపడానికి మాత్రమే వచ్చారన్న మాటకు ఇంకొక అభ్యంతరం ఉంది. రెజిమెంట్ వాళ్లను మార్చినట్టే వాళ్లూ రెజిమెంట్‌ను మార్చారు. ముట్టడిలో ఫిరంగుల మోతకు చెవులు పోయిన పౌరులు చేతి సైగలతో మాట్లాడుకుంటూ పోరాడారు. నెస్సా అనే చెవుడు వచ్చిన గురికత్తె ఘోస్ట్స్‌లో చేరాక ఆ సైగలు చాటుగా నడిచే దళానికి ఎంత అక్కరకు వస్తాయో ‘గన్స్ ఆఫ్ టానిత్’లో చూడవచ్చు. మగవాళ్లు మాత్రమే ఉన్న దళంలోకి ఆడవాళ్లు వచ్చారు, క్రిడ్ సార్జంట్ అయింది. అదంతా సాఫీగా జరిగినట్టు కూడా రాయలేదు. టానిత్ పాతకాపులు కొత్తవాళ్ల మీద చూపే చిన్నచూపు, వెర్గాస్ట్ వాళ్ల పౌరుషం చాలా పుస్తకాల దాకా సాగుతాయి.

మాజీ_హవల్దారు
ఆ చిన్నచూపు నిజం. కొత్త సిపాయిల జట్టు వచ్చిన రోజు పాతవాళ్లు భోజనశాలలో వేరే వరుసలో కూర్చుంటారు. మొదటి గట్టి ఆపరేషన్ అయిన తరువాత ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఎవరికీ గుర్తుండదు. ఈ రచయిత ఆ మార్పును ఒక్క నవలలో తేల్చకుండా సాగదీయడం నాకు నచ్చింది. లైజా కూ వంటి దుర్మార్గుడు కూడా ఆ కొత్తవాళ్లలోనే వచ్చాడు కదా. చేర్చుకున్నప్పుడు మంచీ చెడూ కలిసే వస్తాయి.

వంశధార_ఒడ్డు
కూ పాత్ర విషయంలో రచయిత తొందరపడ్డాడని నా అభిప్రాయం. చూడగానే దుర్మార్గుడని తెలిసిపోయే మనిషిని అంతకాలం ఎవరూ పట్టుకోలేకపోవడం నమ్మశక్యంగా లేదు. సోరిక్‌కు జరిగిన అన్యాయం మాత్రం మీరందరూ మెచ్చుకునే ఆ సామ్రాజ్యం అసలు ముఖం. వెర్వన్‌హైవ్‌ను నిలబెట్టిన ముసలాయనలో అతీంద్రియ శక్తి బయటపడగానే, అలాంటివాళ్లను పట్టుకుపోయే నల్ల ఓడలకు అప్పగించారు. గాంట్ ఏమీ చేయలేకపోయాడు.

అట్లాంటా_అమ్మాయి
ఆ ఘట్టం దగ్గర మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. గాంట్ మంచితనానికి హద్దు ఎక్కడ ఉందో అక్కడ కనిపిస్తుంది. దాన్ని రచయిత దాచకపోవడం వల్లే నేను ఈ వరుసను గౌరవిస్తాను, మీరు ఆ కారణంతోనే దూరం పెడుతున్నారు.

పాచికలు_రంగులు
చదువరి గారికి ఒక ముందుమాట. తొమ్మిదో నవల ‘హిజ్ లాస్ట్ కమాండ్’లో మీ ఫిర్యాదు ఇంకా పెద్దదవుతుంది. ఈసారి బెల్లడాన్ అనే గ్రహపు రెజిమెంట్‌తో కలిపేస్తారు, ఘోస్ట్స్ పేరు కాగితం మీద రెండో స్థానానికి పోతుంది. అప్పుడు మీ వెర్గాస్ట్ వాళ్లు కూడా టానిత్ వాళ్లతో కలిసి మా పేరు మాకు కావాలని గింజుకుంటారు. అక్కడికి వచ్చాక మళ్లీ ఇక్కడ రాయండి.

అర్ధరాత్రి_చదువరి
కలిసినవాళ్లే పేరు కోసం పట్టుబడతారంటే చదవవలసిందే. ఎనిమిదోది ‘ట్రెయిటర్ జనరల్’ ఈ రాత్రి మొదలుపెడతాను. మొత్తం రెజిమెంట్‌ను పక్కనపెట్టి గుప్పెడు మందిని శత్రుగ్రహానికి పంపిన కథ అని వెనుక అట్ట మీద ఉంది, రెజిమెంట్ కోసం చదివే నాకు అదీ ఒక పరీక్షే. మధ్యలో వైమానిక దళం నవల ‘డబుల్ ఈగిల్’ చదవాలని కొందరు అంటారు, అవసరమా?

కృష్ణలంక_కుర్రాడు
‘గన్స్ ఆఫ్ టానిత్’లో పైలట్ జాగ్డియా మీకు నచ్చి ఉంటే చదవండి, ఆ నవల ఆమెదే. ఘోస్ట్స్ కథకు మాత్రం అక్కర లేదు.

మాజీ_హవల్దారు
విమానాల వాళ్ల కథ తరువాత చూసుకోవచ్చు. ముందు కాల్బలం సంగతి పూర్తి చేయండి.

నూజివీడు_రసం
సోరిక్ కూడానా?